కోడిలో డైనోసార్ లక్షణాలు తిరిగి తేవడం: నిజంగా ఎంతవరకు అయ్యే పని?

అనంత_జువాలజీ (ప్రశ్న)

కోడి పిండంలో జన్యువులు మార్చి పళ్ళు, పొడుగు తోక, డైనోసార్ మూతి తెప్పించొచ్చని యూట్యూబులో వీడియోలు తెగ తిరుగుతున్నాయి. డిగ్రీ జువాలజీ పిల్లలకు దీనిమీదే ఒక ప్రాజెక్టు ఇవ్వాలని ఆలోచన. అంతకంటే ముందు నిజమేదో, ఊదరేదో తెలియాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఇప్పటిదాకా ప్రయోగశాలలో ఏ లక్షణం వచ్చింది, ఏది రాలేదు, ఎందుకు రాలేదు? జన్యువును కత్తిరించి మార్చే క్రిస్పర్ ద్రావణాన్ని సూదితో నేరుగా గుడ్డులోకి ఎక్కిస్తే పని జరగదా? మూడోది అసలైన అవసరం: అనంతపురంలో మామూలు ఇంక్యుబేటరు, స్టీరియో మైక్రోస్కోపు మాత్రమే ఉన్న కాలేజీలో ఈ విషయానికి దగ్గరగా ఏం చేయొచ్చు? నాటుకోడి గుడ్లు దొరుకుతాయి. డబ్బులు తక్కువ.

పిండం_పెంకు

సార్, ఇది పాత డీఎన్‌ఏ తవ్వి తీసే పని కాదని పిల్లలకు మొదటి రోజే చెప్పేయండి. న్యూజిలాండ్‌లో అంతరించిన మోవా పక్షి ఎముకలు చూసి 2012లో వేసిన లెక్క ప్రకారం, 13 డిగ్రీల చల్లదనంలో కూడా ఒక డీఎన్‌ఏ ముక్క సగానికి సగం విరిగిపోవడానికి 521 ఏళ్ళు చాలు. ఇంతవరకు చదవగలిగినవాటిలో అతి పాతది గ్రీన్‌లాండ్ మంచునేలలో దొరికింది, దాని వయసు 20 లక్షల ఏళ్ళు. డైనోసార్లు పోయి 6 కోట్ల 60 లక్షల ఏళ్ళయింది. కాబట్టి మన చేతిలో ఉన్నది కోడి జన్యురాశి ఒక్కటే. దాదాపు 100 కోట్ల అక్షరాలు, 39 జతల క్రోమోజోములు, అడవికోడి నుంచి తీసి 2004లో ప్రచురించినది. అమెరికా శిలాజ శాస్త్రవేత్త జాక్ హార్నర్ ప్రచారంలో పెట్టిన ఆలోచన కూడా ఇంతే: కోడి పిండం పెరిగే దారిలో ఎక్కడెక్కడ మలుపు తిరిగిందో కనిపెట్టి, ఆ మలుపు దగ్గర దాన్ని ఆపడం.

వీడియోల్లో చెప్పని సంగతి ఇంకొకటి. పేరుకెక్కిన ఫలితాల్లో చాలావాటిలో జన్యువును ముట్టుకోనే లేదు. జన్యువు పంపే సంకేతాన్ని మందుతో కొన్ని గంటలో, కొన్ని రోజులో అడ్డుకున్నారు. ఆ మార్పు ఆ ఒక్క పిండంతోనే సరి, దాని పిల్లలకు రాదు.

మూతి తీసుకోండి. 2015లో భరత్ అంజన్ భుల్లర్, అర్హాత్ అబ్జానోవ్ బృందం చేసింది ఏమిటంటే, పిండం ముఖంలో ముందుభాగాన పనిచేసే ఎఫ్‌జీఎఫ్, వింట్ అనే పెరుగుదల సంకేతాలను ఆపే మందుల్లో సన్నని పూసలు నానబెట్టి అక్కడ పెట్టారు. ముక్కుగా పొడుగ్గా సాగి కలిసిపోవాల్సిన రెండు ఎముకలు పొట్టిగా, గుండ్రంగా, విడివిడిగా మిగిలాయి. వాటితోపాటు అంగిలి ఎముక కూడా పాత ఆకారానికి వెళ్ళింది. ఆ ఎముకను వాళ్ళు ప్రత్యేకంగా ముట్టుకోలేదు. ఆ గుడ్లను పిల్లలయ్యేదాకా పొదిగించలేదు, డైనోసార్ తయారుచేయడం తమ ఉద్దేశం కాదని వాళ్ళే చెప్పారు. ముక్కు ఎలా పుట్టిందో తెలుసుకోవడం వరకే ఆ పని.

కాలు కూడా అలాంటిదే. కోడి పిండంలో కాలి సన్నెముక, అంటే ఫిబ్యులా, మొదట మడమ దాకా ఉంటుంది. తర్వాత కిందికొన పెరగడం ఆగిపోయి పుల్లలా మిగిలిపోతుంది. వంటకంలో కాలు తిన్నవాళ్ళందరికీ ఆ పుల్ల తెలుసు. చిలీలో బొటెల్యో, వర్గాస్ బృందం ఇండియన్ హెడ్జ్‌హాగ్ సంకేతాన్ని అడ్డుకుంటే ఆ ఎముక మడమ దాకా నిలబడింది. పక్కనున్న పెద్దెముక, అంటే టిబియా, పొట్టిదైంది. ఒకటి మారిస్తే పక్కది ఊరుకోదనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఈకల సంగతి కొత్తది. జెనీవాలో కూపర్, మిలిన్‌కోవిచ్ 9వ రోజు పిండం రక్తనాళంలోకి సోనిడెజిబ్ అనే మందు ఎక్కించి సోనిక్ హెడ్జ్‌హాగ్ సంకేతాన్ని ఆపారు. ఈకలు కొమ్మలు వేయకుండా ఒంటిపుల్లల్లాగా వచ్చాయి, తొలినాటి ఈకలు ఇలాగే ఉండేవని అనుకుంటున్న రూపం. 2025లో అచ్చయింది. కానీ మందు ప్రభావం తగ్గాక ఈకలు దారికొచ్చేశాయి. అదే ఇద్దరు అంతకుముందు 2023లో ఇదే సంకేతాన్ని 11వ రోజున పెంచితే కాలి పొలుసులున్నచోట ఈకలు వచ్చాయి, అవి మాత్రం నిలిచాయి.

ఇప్పుడు అందరూ అడిగే పళ్ళు. ‘టాల్పిడ్2’ అనే కోడి రకంలో పళ్ళ మొలకలు వస్తాయని 2006లో మాథ్యూ హారిస్, జాన్ ఫాలన్ వాళ్ళు చూపించారు. దవడ కొసన కోసుగా, మొసలి పిల్ల పళ్ళను పోలినవి. దానికి కారణం సీ2సీడీ3 అనే జన్యువులో లోపమని 2014లో తేలింది. ఆ జన్యువు కణాల మీదుండే సన్నని వెంట్రుకల్లాంటి సీలియాకు సంబంధించినది. సీలియా చెడితే కణం సంకేతాలు సరిగ్గా అందుకోలేదు, అందుకే పళ్ళతోపాటు అదనపు వేళ్ళు, వంకర ముఖం, చెడిన కాలేయం అన్నీ వస్తాయి. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ లోపం వచ్చిన పిండం గుడ్డులోనే చచ్చిపోతుంది. ఒక్కరి నుంచే వస్తే మామూలు కోడి, పళ్ళూ ఉండవు. ‘పళ్ళ కోడి’ ఫొటో అంటూ ఎక్కడ కనబడినా అది పిండం, కోడి కాదు.

మొలకలు వచ్చినా వాటిమీద పింగాణీ పొర రాదు. ఆ పొర కట్టే జన్యువులు పక్షుల్లో శిథిలాలుగా మిగిలాయి. 48 పక్షుల జన్యురాశులు పోల్చి చూసి, అవి సుమారు 11 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందటే చెడిపోయాయని 2014లో లెక్కగట్టారు. అంటే ఇక్కడ స్విచ్ వేస్తే సరిపోదు, దీపమే మార్చాలి. మొసలి నుంచి ఆ జన్యువులు తెచ్చి, సరైన కణంలో, సరైన రోజున పనిచేసేట్టు పెట్టాలి. అది తిరిగి తేవడం కాదు, కొత్తగా అతికించడం.

తోక అన్నిటికంటే మొండిది. డైనోసార్ కాలంనాటి తొలి పక్షి ఆర్కియాప్టెరిక్స్‌కు 20కి పైగా తోక పూసలు. కోడికి విడిగా కదిలేవి ఐదారు, చివరివి కలిసిపోయి ఒక ముద్ద. పిండంలో తోకకొస దగ్గర ఎఫ్‌జీఎఫ్, వింట్ తగ్గి రెటినోయిక్ ఆమ్లం పెరగగానే కొత్త ఖండాలు, అంటే తర్వాత పూసలయ్యే ముక్కలు, పుట్టడం ఆగిపోతుంది. సుమారు 50 ఖండాల దగ్గర ఆట ముగుస్తుంది. మరి రెటినోయిక్ ఆమ్లాన్ని ఆపితే? అదే పదార్థం వెన్నుపాము, గుండె, కాళ్ళ మొగ్గలు అన్నిటికీ కావాలి. ఒకవేళ పూసలు పెరిగినా ఆ తోకను కదిపే కండరం, దానికి నరం, తొడ ఎముక మీద దాని పట్టు కూడా రావాలి. ఇది ఎవరూ చేయలేదు. చిలీలోనే 2014లో ఒక బృందం మాత్రం కోడిపిల్లలకు కట్టెతో చేసిన బరువు తోక తగిలించి పెంచి చూసింది. బరువు వెనక్కి పోయేసరికి తొడ నిటారుగా నిలిచి, మోకాలితో కాకుండా తుంటితో నడవడం పెరిగింది. జన్యువుల ఖర్చు లేకుండా నడక మారింది! దానికి 2015లో ఇగ్‌నోబెల్ అనే నవ్వులాట బహుమతి ఇచ్చి నవ్వుకున్నారు గానీ, ఈ మొత్తం విషయంలో నాకు నచ్చిన ప్రయోగం అదే.

ప్రొద్దుటూరు_కోళ్ళడాక్టరు

రెండో ప్రశ్నకు నేను చెప్తా సార్. గుడ్డులోకి నేరుగా ఎక్కిస్తే ఎందుకు కాదంటే, ఎలుకలో ఒక్క కణం దశలోనే పిండాన్ని పట్టుకోవచ్చు, కోడిలో ఆ దశ పెట్ట కడుపులోనే అయిపోతాది. గుడ్డు బయటపడేసరికే పచ్చసొన మీద 40 వేల నుంచి 60 వేల కణాలు ఉంటాయి. మీరు ఎంత బాగా ఎక్కించినా కొన్నిట్లోకే పోతాది. మిగతావి పాతవే. ఆ పిల్ల మచ్చలు మచ్చలుగా మారినదే గానీ పూర్తిగా మారినది కాదు. గుడ్లలోకో, వీర్యంలోకో ఆ మార్పు చేరిందన్న నమ్మకమూ లేదు.

కోడిలో పనిచేసే దారి వేరే. పుట్టబోయే గుడ్లకు, వీర్యానికి మూలమైన కణాలు, బీజమూల కణాలు అందాం, రెండున్నర రోజుల పిండంలో రక్తంలో తిరుగుతా ఉంటాయి. అవి వృషణం, అండాశయం చేరకముందే పట్టుకోవాల. స్టీరియో మైక్రోస్కోపు కింద సన్నని గాజుసూదితో 1 నుంచి 3 మైక్రోలీటర్ల రక్తం తీస్తారు. ఎఫ్‌జీఎఫ్2, యాక్టివిన్ అనే పెరుగుదల ప్రొటీన్లు ఉన్న మీడియం, అంటే పోషక ద్రవంలో కొన్ని వారాలు పెంచితే ఎర్ర రక్తకణాలు చచ్చి ఇవి మిగులుతాయి. అప్పుడు క్రిస్పర్ ఎక్కించి, మారిన కణాన్ని విడదీసి, దాన్నుంచే మళ్ళీ పెంచుతారు. అందులోంచి ఒక మైక్రోలీటరులో కొన్ని వేల కణాలు పట్టి, ఇంకో రెండున్నర రోజుల పిండం రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఇంతవరకు సాఫీగా జరిగినా మీకొచ్చింది ఇంకా మార్పు కోడి కాదు. వీర్యంలో కొంత భాగం మాత్రమే మారిన పుంజు.

అది పెరిగి వీర్యం ఇచ్చేదానికి ఐదారు నెలలు. వీర్యం పరీక్ష చేసి, మామూలు పెట్టతో జత కలిపి, పిల్లల్లో మార్పు ఉన్నవి ఏరాల. వాటిలో మార్పు ఒక పక్కనుంచే ఉంటాది. రెండు పక్కలా కావాలంటే అన్నా చెల్లెళ్ళను పెంచి మళ్ళీ జత చేయాల. మొత్తం ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు, అదీ ఒక్క జన్యువుకే. ఇక్కడ ఎక్కువ చెడేది రెండు చోట్ల. కణాలు ఎక్కువ కాలం పెంచితే బలం తగ్గి వృషణం, అండాశయం దాకా పోలేవు. ఇంకోటి, ఆ పిండానికి ఉన్న సొంత బీజకణాలు పోటీకి వచ్చి మనవాటిని నెట్టేస్తాయి. దానికే డీడీఎక్స్4 జన్యువు తీసేసి సొంత గుడ్లు పుట్టని పెట్టలను తయారుచేసినారు స్కాట్లాండ్ పరిశోధనాలయం రోస్లిన్‌లో.

ఈ పద్ధతికి తిండిపెట్టే పనులు వేరే ఉన్నాయి. 2023లో ఏఎన్‌పీ32ఏ జన్యువు మార్చి బర్డ్‌ఫ్లూను తట్టుకునే కోళ్ళు చేసినారు. వైరస్ మోతాదు పెంచేసరికి కొన్ని కోళ్ళకు సోకింది, వైరస్ కూడా మార్పు చెంది పక్కనున్న అదే కుటుంబపు జన్యువులను వాడుకోవడం నేర్చింది. ఒక్క జన్యువు, ఒక్క వైరస్ దగ్గరే ఇంత తిప్పలుంటే, తోక పూసలు 15 పెంచడం అనేదాన్ని ఏమనాల?

అనుమతుల మాట: జన్యుమార్పు జీవుల మీద 1989లో వచ్చిన నిబంధనల కింద కాలేజీకి జీవభద్రతా కమిటీ ఉండాల, పైన ఆర్‌సీజీఎం, ఆపైన జీఈఏసీ, ఈ రెండూ కేంద్రం కమిటీలే. 2022లో ఇచ్చిన సడలింపు మొక్కలకే, కోడికి కాదు. కాబట్టి డిగ్రీ కాలేజీలో క్రిస్పర్ జోలికి పోవద్దు.

బేతంచెర్ల_రాయి

డాక్టరుగారూ, చిన్న సందేహం. మా బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో పాత ఎముకలు దొరికినాయంటారు కదా. వాటిలో డైనోసార్‌వి లేవా? మన సీమలో ఇంత పాత రాయి ఉండి కూడా?

పిండం_పెంకు

రాయి మరీ పాతది కావడమే చిక్కు అన్నా. కడప రాళ్ళు వంద కోట్ల ఏళ్ళు దాటినవి, అప్పటికి ఎముక అన్నదే పుట్టలేదు. బిల్లసర్గంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880ల్లో తవ్వించినవి చాలా తర్వాతి జంతువులవి, మంచుయుగం కాలంనాటి పాలిచ్చే జంతువులు ఎక్కువ. ఒకటి మరీ పాతది, ఇంకొకటి మరీ కొత్తది, మధ్యలో డైనోసార్ కాలపు పొర మీ బేతంచెర్ల చుట్టూ లేదు. తెలుగునేల మీద డైనోసార్ కావాలంటే గోదావరి లోయకు పోవాలి. ఉమ్మడి ఆదిలాబాద్‌లో దొరికిన కోటసారస్ ఎముకలగూడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. పిల్లలను ఒకసారి తీసుకుపోండి. అది పొడుగుమెడ జాతి, కోడికి దూరపు చుట్టం. కోడికి దగ్గర చుట్టాలు రెండు కాళ్ళ మీద నడిచిన మాంసాహారులు.

లంకమల_చూపు

డైనోసార్ సరే, మన కలివికోడి అనే అరుదైన పక్షి సంగతేంది? 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించినాక కూడా దాని బతుకు అంతంతే. ఈ బీజమూల కణాల పద్ధతి దానికి వాడకూడదా?

ప్రొద్దుటూరు_కోళ్ళడాక్టరు

కణాలు తీయాలంటే రెండున్నర రోజుల గుడ్లు కావాల అప్పా, ఒకటి కాదు, చానా. ఉన్న పక్షే కంటికి కనబడనప్పుడు దాని గుడ్లు పగలగొడతామంటే ఎవరు ఒప్పుకుంటారు? పైగా కోడికి కుదిరిన మీడియం ఇంకో జాతికి కుదురుతాదన్న గ్యారంటీ లేదు. కలివికోడికి కావాల్సింది ముళ్ళపొదలు, మధ్యలో ఖాళీ నేల. ఆ పొదలు కొట్టకుంటే చాలు.

అనంత_జువాలజీ

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు ప్రశ్నలు తేలిపోయాయి. మూడోది మిగిలింది. మందు పూసలు పెట్టే ప్రయోగం, కనీసం ఆ కాలి ఎముకది, పిల్లలతో చేయించొచ్చా?

పిండం_పెంకు

వద్దు సార్. హెడ్జ్‌హాగ్ సంకేతాన్ని ఆపడానికి వాడే సైక్లోపమైన్ ఉన్న అడవి మొక్కను తిన్న గొర్రెలకు ఒంటికన్ను పిల్లలు పుట్టిన చరిత్ర ఉంది. ఈ కుటుంబపు మందులన్నీ గర్భంలోని పిండానికి ప్రమాదమే. ఆవిర్లు లాగేసే సరైన హుడ్, గ్లవ్స్, పారబోసే ఏర్పాటు లేని గదిలో డిగ్రీ పిల్లల చేతికి ఇవ్వకూడదు.

దానికంటే మంచిది, ఏ మందూ లేకుండా మామూలు పిండంలోనే డైనోసార్ లక్షణాలు చూపించడం. ఫిబ్యులా మడమ దాకా ఉండటం, పాదం ఎముకలు మూడు విడివిడిగా ఉండటం, వెనకవేలు ఇంకా వెనక్కి తిరగకపోవడం, తోక పూసలు కలవకపోవడం: ఇవన్నీ గుడ్డులో కొన్ని రోజులు కనబడి తర్వాత మాయమవుతాయి. తోక ముద్దైతే పిల్ల బయటికొచ్చాకే పూర్తిగా కలుస్తుంది. 6, 7, 8, 10, 12 రోజుల పిండాలు, ఒక్కో దశకు 10 గుడ్లు పెట్టండి.

తీసేముందు గుడ్లను ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర కనీసం 4 గంటలు ఉంచాలి, పిండం చనిపోయాకే పెంకు తెరవాలి. పిండాన్ని కడిగి 95 శాతం ఇథనాల్‌లో ఒకటి రెండు రోజులు. 10, 12 రోజుల వాటికి చర్మం, లోపలి అవయవాలు తీసేయండి, లేకపోతే రంగు లోపలికి దిగదు. తర్వాత 80 మిల్లీలీటర్ల ఇథనాల్, 20 మిల్లీలీటర్ల గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం కలిపి అందులో 15 మిల్లీగ్రాముల ఆల్సియన్ బ్లూ అనే రంగు, ఒక రాత్రి. మృదులాస్థి నీలం అవుతుంది. రెండో రాత్రికి పొడిగించొద్దు, ఆమ్లం కాల్షియాన్ని కరిగించేస్తే తర్వాత ఎరుపు పట్టదు. ఇథనాల్‌తో కడిగి, 1 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఎముక కనబడేదాకా. 6, 7 రోజుల పిండాలను మాత్రం కళ్ళముందే పెట్టుకోండి, గంటల్లోనే జావైపోతాయి. 10, 12 రోజుల వాటికి అదే ద్రావణంలో 100 మిల్లీలీటర్లకు 5 మిల్లీగ్రాముల అలిజరిన్ రెడ్ వేసి కొన్ని గంటలు ఉంచితే గట్టిపడిన ఎముక ఎర్రగా తేలుతుంది. చివరకు గ్లిజరిన్ 20, 50, 80 శాతం వరుసగా. నేరుగా 80లో వేస్తే ముడుచుకుపోతుంది.

ఆ తర్వాత పిల్లలు కొలవాల్సింది ఒకటే: ఫిబ్యులా పొడవును టిబియా పొడవుతో భాగించి, రోజు వారీగా గ్రాఫ్ గీయడం. గ్రాఫ్ ఎక్కడ కిందికి దిగుతుందో అక్కడే ఫిబ్యులా వెనకబడడం మొదలైనట్టు.

ప్రొద్దుటూరు_కోళ్ళడాక్టరు

గుడ్ల గురించి నాలుగు మాటలు. అంగట్లో ట్రేలలో అమ్మే ఫారం గుడ్లు పనికిరావు, వాటికి పుంజు తోడు ఉండదు. పుంజు తిరిగే ఇంటినుంచే తెచ్చుకోండి, పెట్టి వారం దాటకూడదు. మనకు అసలు శత్రువు ఎండ. 21 డిగ్రీలు దాటితే గుడ్డులో పిండం మెల్లగా కదులుతాది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల ఇంట్లో బుట్టలో పెట్టిన గుడ్డు సగం సగం పెరిగి ఆగిపోయి ఉంటాది, మీరు దాన్ని ‘0వ రోజు’ అనుకుని పెడతారు, దశలన్నీ తప్పుతాయి. తెచ్చిన వెంటనే 15 నుంచి 18 డిగ్రీల్లో పెట్టండి. మామూలు ఫ్రిజ్ మరీ చల్లన. మట్టికుండ, తడిగుడ్డ పద్ధతి అంత కిందికి దించదు గానీ, ఏమీ లేనిదానికంటే మేలు.

ఇంక్యుబేటరు 37.5, తేమ 55 నుంచి 60 శాతం, రోజుకు కనీసం 3 సార్లు తిప్పడం. చవక ఇంక్యుబేటరుకు వేడి చేయడం తెలుసు, చల్లబరచడం తెలీదు. గది 38 ఉంటే పెట్టె 39.5 దాటుతాది, అక్కడ పిండాలు వరసగా పోతాయి. గది 30 లోపు ఉండాల. కూలర్ పెడితే తేమ ఎక్కువైతాది, అప్పుడు పెట్టెలో నీళ్ళ తొట్టి తీసేయండి. కరెంటు పోతే కంగారు పడొద్దు, మొదటి వారంలో రెండు మూడు గంటలు చల్లబడినా తట్టుకుంటాది. దశ మాత్రం ఆ మేరకు వెనకపడతాది, రికార్డులో రాసుకోండి. 5వ రోజు చీకట్లో టార్చి పెట్టి చూడండి, సాలీడు కాళ్ళలా రక్తనాళాలు కనబడనివి తీసేయండి. ఒక్క మురిగిన గుడ్డు పగిలితే పెట్టె మొత్తం పోతాది.

వీలైతే ఈ ప్రాజెక్టు నవంబరు, జనవరి మధ్య పెట్టుకోండి సార్. పరీక్షల టైమ్‌టేబుల్ ఎట్లుందో మీకే తెలుసు.